పదకొండో నంబరు కింద శ్రీను రాసినవి

జూలై 14, సోమవారం

ఉక్క. వాన జాడ లేదు. పొద్దున్నే కరెంటు రెండుసార్లు పోయింది.

ఇవాళ "కుటుంబం" అనే మాట తొమ్మిదిసార్లు రాశాను. హైదరాబాదు ఆఫీసు నుంచి సుధీర్ గారు కొత్త జాబితా పంపారు — పేజీలో వాడవలసిన మాటలు, వాడకూడని మాటలు. ఓటమి అనకూడదు, పాఠం అనాలి. గాయం అనకూడదు, విశ్రాంతి అనాలి. ఆటగాణ్ణి అమ్మారని, కొన్నారని చచ్చినా అనకూడదు... అతను "కొత్త ప్రయాణం" మొదలుపెడతాడు. అంతే. ఎక్కడో యూరప్‌లో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు, విజయనగరంలో మా వంటింటి పక్క గదిలో దాని తెలుగు నోరు నేను. ఆ స్టేడియం నేను చూసిందీ లేదు, చూసేదీ లేదు. క్లబ్బు పేరు ఇక్కడ కూడా రాయను, సంతకం పెట్టాను కదా. వాళ్ళ స్టార్ పేరూ రాయను. పదకొండో నంబరు. చాలు.

కోటబొమ్మాళి బాబాయ్ ఇవాళ కూడా పొద్దున్న ఐదున్నరకే కామెంట్లలోకి వచ్చేశాడు. ఖాతా పేరు శ్రీను, ఊరు కోటబొమ్మాళి. బొమ్మలో మా క్లబ్బు జెర్సీ వేసుకున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు. రాసేది మాత్రం పెద్దాయన, మాట బట్టి తెలిసిపోతుంది. మైకు నొక్కి మాట్లాడతాడు కాబోలు, చుక్కా కామా ఏమీ ఉండవు. "బాబూ మోకాలు నొప్పి తగ్గినాదేటి నిన్న పరిగెడితే కుంటతన్నావు ఉలవకట్టు తాగు మా ఇంట్ల ఉలవలున్నాయి ఏ ఊరు పంపాలో సెప్పు."

రూలు ప్రకారం గుండె బొమ్మ పెట్టి ఊరుకోవాలి. నా నోరు ఊరుకోదు. "చెప్తాం బాబాయ్, మీరూ జాగ్రత్త" అని పేజీ పేరు మీదే రాసేశాను. సుధీర్ గారు చూస్తే క్లాసు పీకుతారు. పీకనీ.

జూలై 16, బుధవారం

బాబాయ్ ఇన్‌బాక్సులోకి వచ్చాడు. పేరు అప్పన్నట. ఉలవలు పట్టుకెళ్ళడానికి మనిషిని పంపమని ఇంటి గుర్తులన్నీ చెప్పాడు — స్టేషన్ దిగి, రైసు మిల్లు దాటి, కుడిచేతి పక్క నీలం తలుపు. నవ్వుకుంటూ చదివాను. దాని కింద మెసేజీ చదివాక నవ్వు పోయింది.

"ఈ ఫోను మా సీనుగాడిది ఆడు పోయి ఏడాది దాటీసినాది కిడ్నీలు పాడైపోనాయి వారానికి మూడేసిసార్లు మిషను మీద పడుకోబెట్టీవోరు నాలుగేసి గంటలు అప్పుడు నీ ఆటే సూసీవోడు నీకే రాసీవోడు ఆడు రాసినవి నీ బొమ్మల కింద ఉన్నాయి అయి నేకపోతే నాకు పొద్దు పోదు బాబూ."

వెనక్కి వెళ్ళి చూశాను. నాలుగేళ్ళ పోస్టులు. శ్రీను ఉన్నాడు. పదకొండో నంబరు బొమ్మ ఎక్కడుంటే అక్కడ, కింద శ్రీను ఉన్నాడు.

"అన్న గోల్ కొట్టాడని పక్క మంచం తాతకి చెప్పాను. ఏ ఊరోడు అన్నాడు. మా ఊరోడే అన్నాను."

"నర్సమ్మ ఫోను లాక్కుంది. సెకండాఫ్ పోయింది. ఎవరైనా స్కోరు చెప్పండి ప్లీజ్." ఎవరూ చెప్పలేదు. కింద ఖాళీ.

పదకొండో నంబరుకి మోకాలు ఆపరేషన్ అయిన రోజు పోస్టు ఒకటుంది. మంచం మీద పడుకుని బొటనవేలు చూపిస్తుంటాడు. దాని కింద శ్రీను — "అన్నా, నీకు తొమ్మిది నెలలంట కదా. మా నాన్న కిడ్నీ నాకు సరిపోతాదేమో చూస్తున్నారు. నువ్వు గ్రౌండులో దిగే రోజుకి నేను మిషను మీంచి దిగిపోతాను. పందెం."

ఆ పందెం పక్కన పేజీ తరఫున ఎర్ర గుండె బొమ్మ ఒకటుంది. అప్పుడూ పేజీ చూస్తున్నది నేనే. అంటే పెట్టింది నేనే. గుర్తు కూడా లేదు. ఎంత సిగ్గు.

జూలై 17, గురువారం

పనిలో మనసు లేదు. శ్రీనువి చదువుతూ కూర్చున్నాను.

జూలై 19, శనివారం

మెయిలొచ్చింది. పదకొండో నంబరు వెళ్ళిపోతున్నాడు.

వెళ్ళేది మరెక్కడికో కాదు, పోటీ క్లబ్బుకే. ఇరవై ఎనిమిదిన ప్రకటిస్తారు. అప్పటిదాకా నోరు మెదపకూడదు. సుధీర్ గారు ఫోను చేసి మరీ — "పద్మా, ఇంట్లో నాన్నగారికి కూడా..." మా నాన్నకెందుకండీ, ఆయనకి గుడి, సన్నాయి తప్ప మూడో లోకం తెలియదు అన్నాను.

మూడు ముక్కలు తెలుగులో సిద్ధం చెయ్యాలి. ఒకటి, క్లబ్బు వీడ్కోలు. రెండు, అతని ఉత్తరం. మూడు, వీడ్కోలు పెట్టిన రెండు గంటలకి కొత్త ఆటగాడికి స్వాగతం. మూడూ ఒకే మెయిల్లో వచ్చాయి.

చివర్న చిన్న అక్షరాల్లో నాలుగోది. పదకొండో నంబరు ఒక్కడే ఉన్న పోస్టులన్నీ ఆగస్టు ఒకటి, శుక్రవారం సాయంత్రం ఆరు లోపు తీసెయ్యాలి. అతని బొమ్మ మీద హక్కులు ఇక కొత్త క్లబ్బువట. మన పేజీలో అతని మొహం కనబడకూడదట.

పోస్టు తీస్తే కిందున్న కామెంట్లూ పోతాయి. అంటే శ్రీను పోతాడు. అవి లేకపోతే పొద్దు పోదన్నాడు అప్పన్న బాబాయ్... తీసేది నేను.

జూలై 20, ఆదివారం

వీడ్కోలు మొదటి ముక్క: "నువ్వు ఎక్కడున్నా ఎప్పటికీ మా కుటుంబమే."

శుక్రవారం ఆరు దాకానా?

జూలై 22, మంగళవారం

పుకారు బయటికొచ్చేసింది. పేజీ అంతా ఒకటే గోల.

పుకార్లకి జవాబు ఇవ్వకూడదని రూలు. బాగానే ఉన్నాను మధ్యాహ్నం దాకా. అప్పన్న బాబాయ్ ఆ ఆపరేషన్ పోస్టు కిందకే వచ్చి అడిగాడు — "ఎల్లిపోతన్నావంట నిజమేనేటి." మళ్ళీ — "ఊర్ల అందరూ అంటన్నారు." మళ్ళీ — "నువ్వు ఎల్లిపోతే ఇక్కడ ఆడు రాసినవి ఏటవుతాయి బాబూ." నాలుగోసారి — "సెప్పకపోతే ఎల్లిపోతన్నట్టే."

"ఎక్కడికీ వెళ్ళడు బాబాయ్" అని రాశాను.

రాసేశాను. ఎందుకంటే ఏం చెప్పను... ఆయన ఆ పూట అన్నం తినాలని. అంతకంటే మంచి కారణం లేదు. భయం కూడా ఉంది, నిజం చెబితే ఉద్యోగం పోతుందని. రెండూ కలిపి ఒక అబద్ధం.

వెంటనే జవాబు: "అదే అనుకున్నాను సల్లగుండు."

జూలై 24, గురువారం

"టీకొట్టుకాడ అందరికీ సెప్పీసినాను క్లబ్బోళ్ళే సెప్పినారు ఎల్లడని." ఆయన కామెంటు. చదివి ఫోను బోర్లా పెట్టేశాను.

జూలై 26, శనివారం

పదకొండో నంబరు ఉత్తరం తెలుగులోకి తెచ్చాను. "ఈ జెర్సీ నా చర్మం", "కళ్ళ నీళ్ళతో రాస్తున్నాను" — అన్నీ ఉన్నాయి. ఇంగ్లిషులో కూడా ఎక్కడో నాలాంటిదే ఒకర్తి వంటింటి పక్క కూర్చుని రాసి ఉంటుంది. అతను చదివాడో లేదో.

చెప్పకూడదు గానీ, తెలుగులో బాగా వచ్చింది. నాకే ఏడుపొచ్చింది. ఏడ్చింది అతని కోసం కాదు.

జూలై 28, సోమవారం

మధ్యాహ్నం మూడున్నరకి వీడ్కోలు. ఐదున్నరకి స్వాగతం.

వీడ్కోలు కింద శాపనార్థాలు. డబ్బు మనిషి, ద్రోహి, విశ్వాసం లేనివాడు... ఎవరో జెర్సీ తగలబెట్టిన వీడియో పెట్టారు. నిన్నటిదాకా దేవుడని రాసిన చేతులే. ఐదున్నర తర్వాత ఆ చేతులే కొత్తవాడికి దండాలు. స్వాగతంలో నేను రాసిన వాక్యం నాలుగేళ్ళ కిందట పదకొండో నంబరుకి రాసిందే. పేరు మార్చాను. ఒక్కరూ పోల్చుకోలేదు.

సాయంత్రం నాన్న గుడి నుంచి వెంటనే తిరిగి వచ్చేశారు. సన్నాయి సంచి తీయకుండానే అరుగు మీద కూర్చున్నారు. ఏమైందంటే — గుడి వీధిలో పంతులు గారి తల్లి పోయారట. శవం లేచేదాకా గుడి తలుపు తీయరు, మేళం ఉండదు. "ఆవిడ ఎల్లేదాకా దేవుడైనా ఆగుతాడు పద్దూ" అన్నారు. అంతే, మామూలుగా. నేను లోపలికొచ్చి స్వాగతం పోస్టుకి ఎన్ని గుండె బొమ్మలు వచ్చాయో చూసుకున్నాను. చూడమని మెయిలుంది.

అప్పన్న బాబాయ్ ఏమీ రాయలేదు.

జూలై 29, మంగళవారం

ఐదున్నరకి రాశాడు. "ఎల్లిపోనావు కదా మంచిది ఎక్కడున్నా మోకాలు సూసుకో." ఒక్క తిట్టు లేదు. అన్ని వేల మందిలో మోకాలు అడిగినవాడు ఈయనొక్కడే.

దాని కింద ఇంకొకటి. "జవాబు రాసినోడు ఎల్లడని సెప్పినాడు ఆడికీ తెలీదేమో పాపం."

పాపమట. నన్ను పాపమన్నాడు.

సుధీర్ గారికి ఫోను చేశాను. అంతా చెప్పాను, శ్రీను సంగతి, పందెం సంగతి. ఒక్క పోస్టు వదిలెయ్యండి, ఆపరేషన్ రోజుది... ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత — "నాకు మాత్రం సరదానా పద్మా." తర్వాత — "ఒకటి వదిలితే తెలుగు పేజీ అంతా మన చేతిలోంచి పోతుంది. ఆరుగురు బతుకుతున్నారు దీని మీద." తర్వాత — "స్క్రీన్‌షాట్లు తీసి ఇచ్చెయ్. అదే మేలు."

ఆయన చెప్పిందీ నిజమే. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించను?

స్క్రీన్‌షాట్లన్నీ తీశాను. మూడు లాంతర్ల దగ్గర జిరాక్సు కొట్లో ప్రింటు తీయించాను. పెద్దాయనకి చూపు ఆనదేమోనని అక్షరాలు పెద్దవి చేయించాను. స్పైరల్ బైండింగు, నీలం అట్ట. పుస్తకంలా వచ్చింది. చేతిలో పట్టుకుంటే కాస్త ధైర్యంగా ఉంది.

జూలై 30, బుధవారం

కోటబొమ్మాళి వెళ్ళొచ్చాను. వరసగా రాస్తాను, లేకపోతే రాయలేను.

పాసింజరు. తిలారు దాటాక వాన పట్టుకుంది. రైలు పక్క పొలాల్లో ఉభాలు సాగుతున్నాయి, గోనెసంచి కప్పుకుని ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లేస్తున్నారు. స్టేషన్ దిగి, మిల్లు దాటి, నీలం తలుపు. సరిగ్గా చెప్పాడు.

ఆయన అప్పుడే పొలం నుంచి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. సన్నటి మనిషి. "ఎవులమ్మా" అన్నాడు. క్లబ్బు ఆఫీసు నుంచి వచ్చానన్నాను. జాగ్రత్తగా పుస్తకం భాష మాట్లాడాను, జవాబులు రాసింది నేనేనని మాట బట్టి పోల్చుకుంటాడేమోనని. పిరికిదాన్ని.

"ఉలవలకా" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "ఆడు ఎల్లిపోనా మరిసిపోనేదన్నమాట." లోపలికెళ్ళి మూటకట్టిన సంచి తెచ్చి నా పక్కన పెట్టాడు. కాదని చెప్పలేకపోయాను. ఇంటావిడ ఉభాలకి వెళ్ళిందట, తనే టీ పెడతానన్నాడు, వద్దన్నాను.

శుక్రవారం పోస్టులు తీసేస్తారని చెప్పాను. ఎందుకో చెప్పాను. "ఆడి బొమ్మ ఆడిది కాదేటి" అన్నాడు. కాదన్నాను. "మరి మా గుంటడు రాసినవి మా గుంటడివి కావేటి."

అప్పుడు పుస్తకం తీశాను. ఆయన లేచి వెళ్ళి చేతులు కడుక్కుని, తుండుతో తుడుచుకుని వచ్చి తీసుకున్నాడు. ఒక్కొక్క పేజీ తిప్పాడు. బొమ్మలు చూశాడు. అక్షరాల మీద వేలు పెట్టి రుద్దాడు. ఆగాడు. ఇంకోచోట పెట్టి నొక్కాడు.

"ఇది మాటాడదు కదమ్మా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. "నాకు అచ్చరం ముక్క రాదు తల్లీ" అన్నాడు.

ఫోను తీసి చూపించాడు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంది. చివరి నెలల్లో శ్రీనుకి కళ్ళు మసకలు కమ్మేవట. ఫోనే చదివి వినిపించేలా పెట్టుకున్నాడట. పక్కన కూర్చుని చూసి ఈయన నేర్చుకున్నాడు — ఎక్కడ నొక్కితే వింటుంది, ఎక్కడ నొక్కితే చెబుతుంది. వేలు పెట్టాడు. ఫోనులోంచి చదును గొంతు, ఆడదో మగదో తెలియనిది: "శ్రీను. రెండు సంవత్సరాల క్రితం." తర్వాత పక్క మంచం తాత సంగతి. "మా ఊరోడే అన్నాను" అని ఫోను అంటుంటే ఈయన పెదాలు కూడా కదులుతున్నాయి.

"మొదట్ల పరాయి గొంతులాగుండీది. ఇనగా ఇనగా మా గుంటడిదే అయిపోనాది."

చదువుకున్నదాన్ని కదా. రోజూ రాసే మనిషి చదవగలడనుకున్నాను. అక్షరాలు పెద్దవి కూడా చేయించాను. ఆ నీలం అట్ట చూస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను చదివి రికార్డు చేసి ఇస్తానన్నాను. "నువ్వు సదివితే నీదవుతాది తల్లీ" అన్నాడు, నేను నొచ్చుకోకుండా చెప్పాలని చూస్తూ. పోనీ ఆ మాటలన్నీ మెసేజీలుగా పంపుదామా అనుకున్నాను. పంపితే ఫోను ముందు నా పేరు చెబుతుంది. శ్రీను అనదు. ఆయనకి కావలసింది ముందు ఆ పేరు.

"అయినా వచ్చినావు కదా, ఒక్కపాలి సదువు" అన్నాడు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చదివాను. గోల్స్, నర్సమ్మ, సెకండాఫ్. ఒకచోట నవ్వాడు. పందెం దగ్గరికొచ్చాక నవ్వలేదు. "నాది సరిపోనేదమ్మా" అన్నాడు. "ఒంట్ల షుగరుందన్నారు. నాకే తెలీదు." అంతే. చదవమని చెయ్యి ఊపాడు.

దాని కింద ఈ నెలవి, ఆయన అడిగినవి, పేజీ జవాబులు. "సెప్పకపోతే ఎల్లిపోతన్నట్టే" దాకా చదివి, తర్వాతి లైను దాటేసి, పేజీ తిప్పేశాను.

"ఇంకోటుండాల" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఎక్కడికీ వెళ్ళడు బాబాయ్ అని. సదవనేదేటి?"

చదివాను. నేను రాసిందే, నా నోటితో, ఆయన ఎదురుగా.

"ఆడి మీద నాకు కోపం నేదమ్మా. ఆ జవాబు రాసినోడు మనోడే, ఈ పక్కోడే. దొరలెవులూ బాబాయ్ అనరు కదా. అంత పెద్ద ఆపీసుల మా గుంటడి మాట సదివినోడు ఆడొక్కడే. నువ్వు ఎల్లి ఆడికి సెప్పు. అన్నీ పోతే పోనీ, ఆ పందెం ఒక్కటీ ఉంచమను. ఆడైతే ఉంచుతాడు."

చెప్తానన్నాను. అప్పుడు చెప్పొచ్చు — నేనేనని. నోటి దాకా వచ్చింది. ఉలవల సంచి ఎత్తి నా చేతికిచ్చాడు, గొడుగు లేదేటి అన్నాడు, స్టేషన్ దాకా తడుస్తూ వచ్చాడు.

జూలై 31, గురువారం

ఒళ్ళు వెచ్చగా ఉంది. నాన్న సంచి విప్పి చూసి "ఎక్కడివి ఇన్ని ఉలవలు" అన్నారు. ఆఫీసువి అన్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

పొద్దున్న మొదలుపెట్టాను. ప్రతి పోస్టుకీ అడుగుతుంది — నిజంగా తీసెయ్యాలా? తీసెయ్యి. నిజంగా తీసెయ్యాలా? తీసెయ్యి. పక్క మంచం తాత పోయాడు. నర్సమ్మ పోయింది. స్కోరు చెప్పమన్నది తీసేముందు ఒక్క నిమిషం ఆగి, ఆనాటి స్కోరు వెతికి, దాని కింద రాశాను. మూడు ఒకటి, మనమే గెలిచాం శ్రీనూ అని. రాసి, తీసేశాను. పిచ్చిపని. చెయ్యకుండా ఉండలేకపోయాను.

ఆరయింది. ఒక్కటి ఉంది. పందెం. దాన్ని ముట్టుకోలేదు.

ఆగస్టు 2, శనివారం

సుధీర్ గారు. "ఒకటి మిగిలింది పద్మా." తెలుసండీ. "మర్చిపోయావనుకుంటాను." మర్చిపోలేదండీ.

అరవలేదు. అరిచినా బాగుండేది. సోమవారం పదింటికి క్లబ్బుకి రిపోర్టు వెళ్ళాలట, అప్పటిదాకా చూడనట్టు ఉంటానన్నారు. పదింటికి తనే తీసేస్తానన్నారు. "నీ చేత్తో వద్దులే." ఆ తర్వాత పేజీ నా దగ్గర ఉంటుందో లేదో చెప్పలేదు. నేను అడగలేదు.

ఆగస్టు 3, ఆదివారం

నాన్నకి అంతా చెప్పేశాను. సంతకం గింతకం జాన్తా నై. ఆయన సన్నాయి రీడు తడుపుకుంటూ విన్నారు. "నేనూ పరాయోళ్ళ పెళ్ళిళ్ళకే కదమ్మా వాయించినాను ఇన్నాళ్ళూ" అన్నారు. "మేళగాడి పేరు ఎవులడుగుతారు. ఆ ముసలాయన అడిగినాడు. నువ్వు సెప్పలేదు." తిట్టినట్టు కాదు. కానీ మధ్యాహ్నమంతా అదే చెవిలో ఉంది.

ఆగస్టు 4, సోమవారం

ఐదున్నరకి రాశాడు. శ్రీను పందెం కిందే.

"జవాబు రాసినోడా పాప వచ్చినాది సదివినాది నీకు సెప్పినట్టున్నాది ఇదొక్కటీ ఉంచినావు నీ మేలు మరిసిపోను బాబూ ఇంక ఇది ఎక్కడికీ పోదు కదా సెప్పు."

అప్పటి నుంచి ఇక్కడే కూర్చున్నాను. "ఎక్కడికీ పోదు బాబాయ్" అని రాశాను. చెరిపేశాను. "పదింటికి పోతుంది, నా చేతిలో లేదు" అని రాశాను. చెరిపేశాను. "ఆ పాపా నేనే, ఆ జవాబూ నేనే" అని రాసి... అదీ చెరిపేశాను. నాన్న రెండుసార్లు పిలిచారు, ఇడ్లీలు చల్లారిపోతున్నాయని.

గట్టు మీద కూర్చుని ఉంటాడు, ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. వేలు పెట్టి పెట్టి చూస్తుంటాడు. నేను ఏది రాసినా ఆయన చదవలేడు, ఫోనే చదివి వినిపించాలి. అబద్ధం రాసినా నిజం రాసినా ఆయనకి శ్రీను గొంతుతోనే వినబడుతుంది.

తొమ్మిది నలభై. ఇంకా ఏమీ రాయలేదు.